హెర్ట్జ్ గారి కనపడని అలలు



సైన్సు పుస్తకంలో ధ్వని పాఠంలో పౌనఃపున్యం అని ఉంది కదా. ఒక సెకనులో ఎన్నిసార్లు కంపిస్తే అన్ని హెర్ట్జ్‌లు అని రాస్తాం. హెర్ట్జ్ అనేది ఒక మనిషి పేరు. ఈసారి గోడపత్రికకి ఆయన జీవితం రాస్తున్నాను.

హెన్రిచ్ హెర్ట్జ్ గారు 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో జన్మించారు. తండ్రి లాయరు. చిన్నప్పుడే ఆయనకి పుస్తకాలతోపాటు చేతిపనులన్నా ఇష్టం. వడ్రంగం, లేతు మిషను పని నేర్చుకున్నారు. ముందు ఇంజనీరు అవుదామనుకుని తర్వాత భౌతికశాస్త్రంలోకి వచ్చారు. 1880లో బెర్లిన్‌లో డాక్టరేట్ పొందారు.

కంటికి కనపడని విద్యుదయస్కాంత అలలు ఉంటాయని మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త అంతకుముందే లెక్కలతో చెప్పాడు. అయితే వాటిని పుట్టించి చూపించిన వాళ్లు లేరు. హెర్ట్జ్ గారు 1885లో కార్ల్స్‌రూహె ఊరిలో ప్రొఫెసరుగా చేరి ఆ పని పట్టుకున్నారు. చీకటి గదిలో ఒకపక్క నిప్పురవ్వ పుట్టించారు. దూరంగా ఒక తీగని గుండ్రంగా వంచి, కొసల మధ్య సన్నని సందు ఉంచారు. మధ్యలో ఏ వైరూ లేదు. అయినా ఆ సందులో చిన్న రవ్వ మెరిసింది!

ఆ అల సెకనుకి కోట్లసార్లు ఊగుతుంది. లెక్కపెట్టే మిషను అప్పట్లో లేదు. అందుకని ఆయన అలని జింకు రేకుకి తగిలించి వెనక్కి రప్పించారు. రవ్వ ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ ఆరిపోతుందో చూసి అల పొడవు కొలిచారు. ఎన్నిసార్లు ఊగుతుందో తన పరికరాన్నిబట్టి లెక్కగట్టారు. రెండూ హెచ్చవేస్తే అల వేగం వచ్చింది. అది కాంతి వేగమే!

ఈ అలలతో కబుర్లు పంపవచ్చని మాత్రం ఆయన అనుకోలేదు. జబ్బుచేసి 1894 జనవరి 1న 36 ఏళ్లకే చనిపోయారు. మరుసటి ఏడాదే కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ గారు ఆ అలలతో ప్రయోగం చేసి జనానికి చూపించారు. 1960లో ప్రపంచ దేశాల సభ ఆయన పేరునే కొలతగా ఒప్పుకుంది.

ఇప్పుడైతే హెర్ట్జ్‌లు మనమే కొలవవచ్చు. మా సార్ చూపించిన ఆర్డునో యునో బోర్డు చిప్పులో టైమరు ఉంటుంది. అది సెకనుకి 1,60,00,000 వరకు లెక్కపెట్టగలదు. సిగ్నల్ లేచినప్పుడు ఒక అంకె గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ లేచినప్పుడు ఇంకో అంకె. తేడా 32,000 వస్తే, 1,60,00,000ని దానితో భాగించండి. 500 హెర్ట్జ్! ఈ టైమరు 65,535 దాటితే మళ్లీ సున్నాకి వస్తుంది. కాబట్టి నెమ్మది సిగ్నల్ అయితే, వడ్లు కొలిచేటప్పుడు కుంచానికో గీత గీసినట్టు, ఎన్నిసార్లు నిండిందో కూడా లెక్క ఉంచాలి.

ఇదంతా మనకెందుకు అంటారేమో. గుడివాడ స్టేషనులో ఎదురొచ్చే రైలు కూత సన్నగా వినిపిస్తుంది, దాటిపోయాక బొంగురుగా అవుతుంది. మన చెవికి సెకనుకి చేరే అలల సంఖ్య మారుతుంది గనక అలా అవుతుంది. దీని సంగతి 1842లో డాప్లర్ చెప్పాడు. మచిలీపట్నంలో ఉన్న డాప్లర్ రాడారు కూడా ఇలాగే పనిచేస్తుంది. జింకు రేకు నుంచి తిరిగొచ్చినట్టే వానచినుకుల నుంచి అల తిరిగొస్తుంది. పోయిన అలకీ వచ్చిన అలకీ తేడా పట్టుకుని తుఫాను గాలి వేగం చెబుతారు.

1977 నవంబరు 19న మా దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారు. మా అవ్వ అప్పుడు చిన్నపిల్ల, తాటిచెట్టు పట్టుకుని బతికింది. వాళ్లమ్మ మళ్లీ కనపడలేదు. ఉప్పెన వస్తుందని తమ గూడేనికి ఎవరూ వచ్చి చెప్పలేదంట.

ఇప్పుడు తుఫాను కబురు ఫోనుకి వస్తుంది. అది కూడా హెర్ట్జ్ గారి అల మీదే వస్తుంది. కానీ వచ్చినదాన్ని చదవాలి కదా! మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. సెలవులకి వెళ్లినప్పుడు నాన్న వేటకి పోయేముందు నాచేత చదివించుకుంటాడు. మిగతా రోజుల్లో చదివేవాళ్లు లేరు. అందుకే ఈ దసరా సెలవుల్లో మా తమ్ముడికి అక్షరాలు నేర్పించబోతున్నాను. మీ ఇళ్లలో కూడా ఒకరికి నేర్పించండి.