క్షౌరశాల కిటికీలో మొదటి బొమ్మలు

ప్రకృతి దృశ్యాల చిత్రకారుడిగా జోసెఫ్ మల్లార్డ్ విలియం టర్నర్ పేరు ప్రపంచమంతా తెలుసు. ఆయన ఏ ఇంటి నుంచి వచ్చాడో చాలామందికి తెలియదు. హాస్టల్ తమ్ముళ్ళకు, పూర్వ విద్యార్థులకు ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

టర్నర్ 1775లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో జన్మించాడు. తండ్రి విలియం క్షురకుడు, విగ్గులు కూడా తయారుచేసేవాడు. తల్లి మానసిక వ్యాధితో బాధపడి 1804లో కన్నుమూసింది. బొమ్మలు గీసే పిల్లవాణ్ణి తండ్రి కసరలేదు. ఆ బొమ్మలను తన కొట్టు కిటికీలో పెట్టి అమ్మేవాడు.

1789లో, 14వ ఏట, టర్నర్‌కు రాయల్ అకాడమీ పాఠశాలలో సీటు దొరికింది. అక్కడ ఫీజు లేదు. మరుసటి ఏడే ఆయన నీటిరంగుల చిత్రం అకాడమీ ప్రదర్శనలో చోటు సంపాదించింది. 26 ఏళ్ళకే, 1802లో, పూర్తి సభ్యుడయ్యాడు. 1807లో అక్కడే ఆచార్యుడయ్యాడు. ఆయన సామాన్యుల యాసను చిన్నచూపు చూసినవారున్నా చేయి ఆపలేదు.

స్కెచ్ పుస్తకం పట్టుకుని కొండలు, నదులు, సముద్ర తీరాలు తిరిగాడు. ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడిన ఓడను విరగ్గొట్టడానికి చిన్న ఆవిరి పడవ లాక్కెళ్తున్న దృశ్యాన్ని 1839లో, వానలో దూసుకొచ్చే రైలును 1844లో ప్రదర్శించాడు. వెలుగే ప్రధానమైన ఆ చివరి చిత్రాలను విమర్శకులు ఎగతాళి చేశారు.

పేరు, డబ్బు వచ్చాక టర్నర్ తండ్రిని దాచిపెట్టలేదు, తనతోనే ఉంచుకున్నాడు. 1829లో మరణించే వరకు ఆ తండ్రి కొడుకు కాన్వాసులు బిగించి, చిత్రాలకు వార్నిష్ పూశాడు.

మచ్చను కూడా చెప్పుకోవాలి. 1805లో టర్నర్ జమైకాలో బానిసలు పనిచేసే ఎస్టేటులో 100 పౌండ్లు పెట్టాడు. 1840లో మాత్రం బానిసలను సముద్రంలో విసిరేసిన ఓడ ఘోరాన్ని చిత్రించి చూపాడు.

1851లో మరణించిన ఆయన్ను సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఖననం చేశారు. తన డబ్బుతో పేద చిత్రకారులకు ఆశ్రయం కట్టాలని వీలునామా రాశాడు. బంధువులు కోర్టుకెక్కడంతో ఆ కోరిక తీరలేదు. డబ్బు వాళ్ళకు, వేలాది చిత్రాలు జాతికి దక్కాయి. 2020లో ఇంగ్లండ్ 20 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వేసింది.

మిత్రులారా, తండ్రి కసిరి ఉంటే, అకాడమీలో ఫీజు అడిగి ఉంటే ఈ కథ ఎక్కడ ఆగిపోయేదో ఆలోచించండి. ఫీజు లేని చదువు విలువ హాస్టల్‌లో పెరిగిన మనకు ఒకరు చెప్పాలా?