సముద్రపు రొదను రాసిపెట్టిన ఫాదర్ పిగట్

సిడ్నీలో లేన్ కోవ్ వైపు ఉండేవారికి రివర్‌వ్యూ స్కూలు తెలిసే ఉంటుంది. 1909లో అక్కడ భూకంపాలు నమోదు చేసే యంత్రాలు పెట్టినవారు ఫాదర్ ఎడ్వర్డ్ పిగట్. 1858లో ఐర్లాండులో పుట్టారు. డబ్లిన్‌లో వైద్యం చదివి, అది వదిలేసి 1885లో జెస్యూట్ సభలో చేరారు. (మన ఇళ్ళల్లో డాక్టరీ వదిలేస్తానంటే ఊరుకుంటారా?) 1888లో ఆస్ట్రేలియా వచ్చి పాఠాలు చెప్పారు. తరువాత చైనా వెళ్ళి, షాంఘైలోని జెస్యూట్ అబ్జర్వేటరీలో పని నేర్చుకుని 1907లో తిరిగొచ్చారు.

జర్మనీ నుంచి తెప్పించిన వీకర్ట్ యంత్రాల ముల్లు మసి పట్టించిన కాగితంపై గీత గీసేది. ఇలాంటి యంత్రాల్లో భూకంపం లేని రోజున కూడా ఆ గీత సన్నగా వణుకుతుంది. చిన్న భూకంపాలను కప్పేసే రొద అది. తీరాన్ని కొట్టే అలలే దీనికి కారణమని వీకర్ట్ 1904లోనే ఊహించారు. నడిసముద్రంలో ఎదురెదురు అలలు కలిసినా ఇది పుడుతుందని 1950లో లాంగెట్-హిగ్గిన్స్ లెక్కకట్టి చూపారు. పిగట్ 1929లోనే కన్నుమూశారు.

ఒక్క స్టేషనుతో ఆ చోటు తేల్చడం కష్టం. ఆస్ట్రేలియా నడిబొడ్డున వర్రముంగాలో వరసగా పాతిన యంత్రాలకు రొద అందే వేళల్లోని తేడాలను బట్టి, దక్షిణ మహాసముద్రంలో అది పుట్టే చోట్లను శాస్త్రజ్ఞులు గుర్తించారు.