యంత్రం ఆగిన వేళ – షిగెయో షింగో

వార్షిక సంచికను అచ్చుకు పంపిన ప్రతిసారీ మాకొక లెక్క ఎదురవుతుంది. ఐదు వందల ప్రతులు వేసినా, ఐదు వేలు వేసినా ముద్రణ యంత్రాన్ని సిద్ధపరచే శ్రమ ఇంచుమించు ఒక్కటే. పాత ప్లేట్లు తీసి కొత్తవి బిగించాలి. రోలర్లకంటిన ఇంకు కడగాలి. రంగుకు రంగు కుదిరేవరకు కొంత కాగితం వృథా కావాలి. ఆ వ్యయమంతా కొద్ది ప్రతుల నెత్తిన పడుతుంది. పాఠకులు తక్కువగా గల ఉర్దూ గ్రంథమైనా, తెలుగు గ్రంథమైనా ప్రియం కావడానికి ఇదొక కారణం. ఈ లెక్కను మార్చే మార్గం చూపినవాడు ముద్రాపకుడు కాడు, జపాను దేశపు ఇంజనీరు షిగెయో షింగో.

ఆయన 1909లో సాగా నగరంలో జన్మించారు. యామనాషి సాంకేతిక కళాశాలలో 1930లో విద్య ముగించి, తైపే రైల్వే కర్మాగారంలో ఉద్యోగించారు. యుద్ధానంతరం జపాను మేనేజ్‌మెంటు సంఘంలో చేరి కర్మాగారాలకు సలహాదారులైనారు.

1950లో హిరోషిమాలోని తోయో కోగ్యో వాహన కర్మాగారం ఆయనను పిలిచింది. లోహపు రేకులను అచ్చుల నడుమ నొక్కి మలిచే భారీ యంత్రాలు పని అందించలేకపోతున్నాయనీ, కొత్తవి కొనాలనీ యాజమాన్యం తలపోస్తున్నది. షింగో తొందరపడక గడియారం పట్టుకొని పక్కన నిలిచారు. అచ్చు మార్చే వేళ ఒక బోల్టు కానరాలేదు. కార్మికుడు వెదకి వెదకి, చివరకు పొరుగు యంత్రానికి చెందిన పొడవైన బోల్టును కోసి, మరలు చెక్కి తెచ్చాడు. గంటకు పైగా యంత్రం ఊరకే నిలిచింది! అతడు సోమరియా? చెమటోడ్చి పరుగులెత్తినవాడే. యంత్రం ఆగకముందే జరగవలసిన పని ఆగిన తరువాత జరుగుతున్నదని షింగో గ్రహించారు. యంత్రం ఆగితేనే సాధ్యమయ్యే పనులు వేరు, నడుస్తుండగానే ముగించదగినవి వేరు: ఆయన సిద్ధాంతానికి ఈ విభజనే పునాది.

1969లో టయోటా కర్మాగారంలో వెయ్యి టన్నుల యంత్రానికి అచ్చు మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. ఆరు నెలల కృషితో అది తొంభై నిమిషాలకు దిగింది. అంతటితో తృప్తి పడక మూడు నిమిషాలకు దించమన్నారు అధికారులు. మాకైతే అది పరిహాసంగా తోచేది. షింగో మాత్రం యంత్రం ఆగాక చేసే పనులను ముందుకు జరిపారు. పదిహేను చుట్లు తిప్పే బోల్టులో బిగించేది కడపటి చుట్టు ఒక్కటే కదా. తక్కినవి ఎందుకని ప్రశ్నించారు. మూడు నెలల్లో మూడు నిమిషాలు సాధ్యమైంది. టయోటా పద్ధతికంతటికీ ఆయనే కర్త అనడం అతిశయోక్తి. తాయిచి ఓనో వంటివారి కృషి అందులో పెద్దది.

కాలక్రమాన ఈ విధానం ముద్రణశాలలకూ చేరింది. ఒక పని అచ్చవుతుండగానే రాబోయే పనికి ప్లేట్లు సరిచూచి, ఇంకు కలిపి, కాగితం పేర్చి, పనిముట్లు చేతికందేచోట ఉంచుతారు. ఆగాక మిగిలేది కడగడం, బిగించడం, రంగులు కుదర్చడం. ఆ మేరకు చిన్న పనుల ఖర్చు తగ్గుతుంది.

1988లో అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయం షింగోను గౌరవ డాక్టరేటుతో సత్కరించి, ఆయన పేర ఒక బహుమానాన్ని నెలకొల్పింది. 1990 నవంబరులో ఆయన కన్నుమూశారు.