బండిని విప్పి చూసిన కుర్రవాడు – జి.డి. నాయుడు

తెలుగునేలకు బయట పుట్టి, తెలుగు మాట్లాడే ఇంట్లో పెరిగి, దేశమంతా పేరు తెచ్చుకున్నవారిలో గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు ఒకరు. అందరికీ ఆయన జి.డి. నాయుడుగానే తెలుసు. భారతదేశపు ఎడిసన్ అని కూడా ఆయనను పిలిచారు. బస్తర్‌లో ఉంటూ తెలుగు నేర్చుకుంటున్న మన విద్యార్థులకు ఆయన కథ రెండు విధాలుగా దగ్గరిది. ఆయన కూడా తెలుగు రాష్ట్రాలకు దూరంగా బతికిన తెలుగువారు. పైగా ఆయన జీవితం రోడ్డు మీద తిరిగే బండ్లతో మొదలైంది. ఇక్కడ మన బతుకు కూడా రోడ్డు మీదే ఆధారపడి ఉంది. రాయ్‌పూర్‌లో పెద్ద ఆసుపత్రికి వెళ్లాలన్నా, సెలవులకు భద్రాచలం మీదుగా సొంత ఊరు చేరాలన్నా మనలో చాలామందికి బస్సో, కారో తప్పదు.

నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ అనే పల్లెలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. బడి ఆయనకు పడలేదు. చదువు ప్రాథమిక తరగతుల్లోనే ఆగిపోయింది. పొలం పనుల మధ్య పెరుగుతున్న ఆ కుర్రవాడు ఒకరోజు ఒక వింత చూశాడు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎద్దులు లేకుండా, గుర్రం లేకుండా ఒక బండి తనంతట తాను పరుగెత్తడం దొరస్వామి అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అటువంటి బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి.

చూసి ఆశ్చర్యపోయి ఊరుకునేవాళ్లు ఎక్కువమంది. దొరస్వామికి మాత్రం అది ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనిపించింది. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో వడ్డన పనికి కుదిరాడు. పైసా పైసా కూడబెట్టి 300 రూపాయలు జమ చేశాడు. ఆ డబ్బు తీసుకెళ్లి ఆ అధికారి దగ్గరే ఆ బండిని కొన్నాడు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ మోటారు సైకిలు.

అంత కష్టపడి కొన్న బండిని ఎవరైనా ఊరంతా తిప్పి చూపించుకుంటారు. అతను దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పాడు. ఏ భాగం దేనికి ఆనుకుని ఉందో, ఏది తిరిగితే ఏది కదులుతుందో చూశాడు. మళ్లీ మొత్తం బిగించాడు. నేర్పించే గురువు లేడు, పుస్తకం లేదు. బండే అతనికి బడి అయింది. అలా విప్పి బిగించే క్రమంలోనే మెకానిక్ అయ్యాడు.

తర్వాత కొంతకాలం నాయుడుగారు పత్తి వ్యాపారంలోకి దిగారు. అందులో సంపాదించారు, పోగొట్టుకున్నారు కూడా. చివరికి మళ్లీ తనకు ఇష్టమైన యంత్రాల దగ్గరికే వచ్చారు. 1920లో ఒక మోటారు బస్సు కొని, పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడపడం మొదలుపెట్టారు. పొల్లాచి పెద్ద సంత ఊరు. పళని సుబ్రహ్మణ్యస్వామి కొండ ఉన్న పుణ్యక్షేత్రం. రెండింటి మధ్య 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం. మొదట్లో ఆ బస్సును ఆయనే స్వయంగా నడిపారు. సంతకు వెళ్లే రైతులు, కొండకు వెళ్లే భక్తులు ఆయన ప్రయాణికులు.

ఆ కాలపు బస్సు నడపడం ఎంత కష్టమో ఊహించుకోండి. నున్నటి తారు రోడ్లు అరుదు. కంకర రాళ్లు ట్యూబు టైర్లను తరచు పొడిచేవి. ఎండకు, ఎత్తుకు రేడియేటర్‌లో నీళ్లు మరిగి ఆవిరయ్యేవి. ఇంజన్ ఆయిల్ త్వరగా నల్లబడేది. దారిలో ఆగిపోతే సాయానికి వచ్చే మరో బండి ఉండేది కాదు. అందుకే బయల్దేరే ముందు నీళ్లు, నూనె, గాలి చూసుకోవడం మీదే ప్రయాణమంతా ఆధారపడి ఉండేది. చూసుకోని బస్సు పళని చేరేది కాదు.

ఆ ఒక్క బస్సు కొన్నేళ్లలో పెద్ద వరుస అయింది. యు.ఎం.ఎస్. అనే పేరుతో నాయుడుగారి బస్సులు కోయంబత్తూరు ప్రాంతమంతా తిరిగాయి. దేశంలోనే చక్కగా నడిచే రవాణా సంస్థల్లో ఒకటిగా అది పేరు పొందింది. టికెట్లు ఇచ్చే యంత్రాన్ని ఆయన తన బస్సుల కోసం తయారు చేయించారు. ఇంజన్ కంపనాన్ని పరీక్షించే ఒక యంత్రాన్ని కూడా రూపొందించారు. ఈ రెండోదాని గురించి కాస్త ఆలోచించాలి. ఇంజన్ పాడైపోయాక మరమ్మతు చేసేవారు ఎక్కడైనా ఉంటారు. పాడవబోతోందని ముందే పసిగట్టడానికి పరికరం తయారు చేయడం వేరే రకం బుద్ధి. ఒంట్లో బాగా లేనప్పుడు వైద్యుడు నాడి పట్టుకుని చూసినట్టు, ఆయన యంత్రం నాడి పట్టుకోవాలనుకున్నారు.

ఆ బుద్ధి ఇవాళ మన ఇళ్లలోని కార్లకు కూడా కావాలి. కావలసిన పరికరాలు ఒక పాత గుడ్డ, గాలి చూసే చిన్న గేజి, మన రెండు కళ్లు. ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు, చదునైన నేల మీద, పది నిమిషాలు చాలు.

మొదట ఇంజన్ ఆయిల్. ఇంజన్ లోపల లోహపు భాగాలు నిమిషానికి వేల సార్లు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. వాటి మధ్య సన్నని పొరలా నిలిచి, అవి ఒరుసుకోకుండా కాపాడేది ఈ నూనె. ఆయిల్ పుల్లను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. నూనె తడి రెండు గీతల మధ్య ఉంటే సరే. కింది గీతకు దిగితే పోయించాలి. పై గీత దాటేలా పోయడం కూడా మంచిది కాదు. బండి కింద నేల మీద నూనె మరకలు ఉన్నాయేమో ఒకసారి వంగి చూడాలి.

రెండోది కూలెంట్. పెట్రోలు మండి పుట్టిన వేడిలో సుమారు మూడో వంతును ఇంజన్ నుంచి మోసుకుపోయేది ఇదే. రేడియేటర్ పక్కన ఉండే ప్లాస్టిక్ డబ్బా మీద కనిష్ఠం, గరిష్ఠం గుర్తులు ఉంటాయి. రంగు ద్రవం వాటి మధ్య ఉండాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న వేడి ద్రవం ఒక్కసారిగా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మాటిమాటికీ ద్రవం తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం. అప్పుడు పోసుకుంటూ పోకుండా మెకానిక్‌కు చూపించాలి.

మూడోది బ్రేక్ ఆయిల్. పేరులో ఆయిల్ ఉన్నా ఇది మామూలు నూనె కాదు. మన కాలి ఒత్తిడిని నాలుగు చక్రాలకూ చేరవేసే ప్రత్యేక ద్రవం. దీనికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. అందువల్ల డబ్బాలో మట్టం సరిగానే కనిపించినా, పాతబడిన ద్రవాన్ని మార్చాలి. చాలా కార్లకు రెండేళ్లకొకసారి మార్చమంటారు.

ఈ సంగతి బస్తర్‌లో ఉండేవారికి మరీ ముఖ్యం. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. పన్నెండు పెద్ద మలుపులు. ముందు సరుకు లారీ, వెనక మరో లారీ. దిగుతున్నంతసేపూ బ్రేకు నొక్కి ఉంచితే చక్రాల దగ్గర విపరీతమైన వేడి పుడుతుంది. ద్రవంలో చేరిన తేమ ఆ వేడికి మరిగి బుడగలవుతుంది. బుడగలు ఒత్తిడిని మోయలేవు. అప్పుడు కాలు నొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో దిగమంటారు పెద్దలు. వేగాన్ని ఇంజనే కొంత పట్టి ఉంచుతుంది, బ్రేకులకు ఊపిరి ఆడుతుంది.

ఇక టైర్లు. అంత బరువైన కారు నేలను తాకేది నాలుగు చోట్ల, ఒక్కో చోట ఇంచుమించు అరచేయంత మేర. మన ప్రాణాలు ఆ నాలుగు అరచేతుల మీద ఉంటాయి. గాలి ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది. దూరం నడిపాక టైరు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. గాలి తక్కువైతే అంచులు అరుగుతాయి, టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. ఎక్కువైతే మధ్య భాగం అరుగుతుంది. టైరు గాళ్ల లోపల అక్కడక్కడ చిన్న రబ్బరు కట్టలు కనిపిస్తాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చవలసిందే. బస్తర్ వానల్లో రోడ్డు మీది నీటిని పక్కకు తోసేవి ఆ గాళ్లే. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఇవన్నీ చూశాక స్టెపినీని మరిచిపోకండి. అడవి దారిలో పంక్చర్ అయినప్పుడు స్టెపినీలో గాలి లేదని తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

తిరిగి నాయుడుగారి దగ్గరికి వద్దాం. బస్సులతో ఆయన ఆగలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి కోయంబత్తూరులోని పీలమేడులో విద్యుత్ మోటారు తయారు చేయించారు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దానికి పేరు. ఇప్పుడు రోడ్ల మీదికి వస్తున్న విద్యుత్ కార్లు మోటారుతోనే నడుస్తాయి. వాటికి ఇంజన్ ఆయిల్ అక్కర్లేదు. కానీ టైర్లలో గాలి, బ్రేక్ ఆయిల్, చాలావాటికి కూలెంట్ కూడా చూసుకోవలసిందే.

చిన్న బ్యాటరీలతో నడిచే రాసంట్ అనే క్షవరపు యంత్రం, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా వంటివి ఎన్నో ఆయన చేతుల మీదుగా వచ్చాయి. పత్తి, బొప్పాయి పంటల మీద కూడా ప్రయోగాలు చేశారు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న కారు తయారు చేయించారు. సుమారు 2,000 రూపాయలకు ఇవ్వాలని ఆయన ఆశ. ప్రభుత్వ అనుమతి దొరక్క అది ఆగిపోయింది. పన్నుల విధానం మీద కోపంతో ఒకసారి తాను తయారు చేయించిన వస్తువులనే బహిరంగంగా పగలగొట్టించి నిరసన తెలిపారు. ప్రతి మరనూ ప్రేమగా చూసిన మనిషి ఆ పని చేశారంటే, ఎంత నొచ్చుకున్నారో అర్థం చేసుకోవచ్చు.

బడి మానేసిన ఈ మనిషే 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల రావడానికి కారకులయ్యారు. కొంతకాలం దానికి ప్రిన్సిపాల్‌గా కూడా ఉన్నారు. ఏళ్ల తరబడి గదుల్లో కూర్చోబెట్టే కన్నా, యంత్రం ముందు నిలబెట్టి తక్కువ కాలంలో పని నేర్పవచ్చని ఆయన వాదించారు. పాలకులు ఒప్పుకోకపోతే పదవి వదిలేశారు. ఆ కళాశాల ఇప్పుడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తోంది.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది, పక్కనే పాత కార్ల మ్యూజియం ఉంది. ఎప్పుడైనా అటు వెళితే తప్పక చూడండి.

అంతవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ వేసవి సెలవులకు ఇంట్లోవాళ్లు కారులో సామాను సర్దుతున్నప్పుడు, అమ్మ లేదా నాన్నతో కలిసి బానెట్ ఎత్తించండి. ఆయిల్ పుల్ల తుడిచే గుడ్డ మీ చేతిలో ఉండనివ్వండి. నాలుగు టైర్లతో పాటు స్టెపినీ గాలి కూడా మీరే చదివి ఒక చిన్న పుస్తకంలో తేదీతో రాయండి. తర్వాత ఘాట్ ఎక్కండి.