తన పేరు తానే పెట్టుకున్న ఎరిక్

పిల్లలూ, కొత్త తరగతి మొదలైన రోజు మేము మిమ్మల్ని మీది ఏ ఊరు అని అడుగుతాం. మీలో చాలామంది తడబడతారు. పుట్టింది జోధ్‌పూర్, నిన్నటిదాకా చదివింది షిల్లాంగ్, అమ్మమ్మగారిది తెనాలి. ఇందులో ఏది చెప్పాలి? ఇన్ని బదిలీల తర్వాత మమ్మల్ని అడిగినా అంతే, కాసేపు ఆలోచించుకుని గానీ జవాబు చెప్పలేం. ఈ తడబాటు గురించే జీవితమంతా ఆలోచించిన మనస్తత్వవేత్త ఒకాయన ఉన్నారు. పేరు ఎరిక్ ఎరిక్‌సన్.

ఎరిక్ 1902 జూన్ 15న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర పుట్టాడు. తల్లి కార్లా డెన్మార్క్‌కు చెందిన యూదు స్త్రీ. తండ్రి ఎవరో ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఎరిక్‌కు మూడేళ్లప్పుడు ఆమె థియోడర్ హోంబర్గర్ అనే పిల్లల డాక్టరును పెళ్లాడి కార్ల్స్‌రూహ్ పట్టణంలో స్థిరపడింది. ఆ డాక్టరే కన్నతండ్రి అని పిల్లవాడిని నమ్మించారు. కానీ అద్దం అబద్ధం చెప్పదు కదా! ఇంట్లో అందరిదీ ఒక పోలిక, ఎరిక్‌ది ఇంకో పోలిక. పొడగరి, బంగారు రంగు జుట్టు, నీలి కళ్లు. యూదుల ప్రార్థనా మందిరంలో తోటి పిల్లలు వీడు మనవాడు కాదని ఎగతాళి చేసేవారు. బడికి వెళితే జర్మన్ పిల్లలు వీడు యూదుడని దూరం పెట్టేవారు. కొత్త బడిలో మధ్యాహ్నం డబ్బా తెరిచి ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడిన వాళ్లకు ఈ బాధ మేము వివరించనక్కర్లేదు.

బడి చదువు అయ్యాక ఎరిక్ కాలేజీలో చేరి డిగ్రీ తెచ్చుకోలేదు. బొమ్మలు వేస్తూ యూరప్‌లో తిరిగారు. 1927లో చిన్ననాటి స్నేహితుడు పీటర్ బ్లోస్ వియన్నాలోని ఒక చిన్న బడికి ఉపాధ్యాయుడిగా పిలిచాడు. (పంతులు ఉద్యోగం మనిషిని ఒక దారిలో పెడుతుందనడానికి ఇదొక సాక్ష్యం అని మేము గర్వంగా చెప్పుకుంటాం.) అక్కడే సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తె అనా ఫ్రాయిడ్ దగ్గర పిల్లల మనసును చదవడం నేర్చుకున్నారు. జోన్ అనే యువతిని పెళ్లి చేసుకున్నారు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదు కుటుంబంలో పెరిగిన ఎరిక్ భార్యాబిడ్డలతో వియన్నా వదిలారు. తల్లి పుట్టిన డెన్మార్క్‌లో పౌరసత్వం దొరకలేదు. అమెరికా చేరారు.

అక్కడ 1938లో సూ ఆదివాసుల పిల్లల్ని చూశారు. ప్రభుత్వ బడి ఒక బతుకు నేర్పేది, ఇల్లు ఇంకో బతుకు నేర్పేది. రెంటి మధ్యా పిల్లలు మాట్లాడకుండా ముడుచుకుపోయేవారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లోనూ అలాంటిదే కనిపించింది. తమ పేరు తమకు తెలుసు. కానీ నిన్నటి తామూ నేటి తామూ ఒక్కరేనన్న పట్టు జారిపోయింది. ఈ స్థితికే ఆయన ఐడెంటిటీ క్రైసిస్ అని పేరు పెట్టారు. నేనెవరు అన్న ప్రశ్న దగ్గర మనిషి చిక్కుకుపోవడం అన్నమాట. ఈడొచ్చిన పిల్లల్లో ఇది రోగం కాదనీ, ఎదుగుదలలో ఒక మెట్టు అనీ 1950లో అచ్చయిన బాల్యం–సమాజం అన్న పుస్తకంలో రాశారు. పుట్టుక నుంచి ముసలితనం దాకా అలాంటి మెట్లు ఎనిమిది అన్నారు. బాల్యంతోనే మనిషి తయారైపోతాడన్న ఫ్రాయిడ్ వాదాన్ని అలా చివరిదాకా సాగదీశారు.

అదే ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన అధ్యాపకుల్ని కమ్యూనిస్టులం కామని ప్రమాణపత్రం రాసివ్వమంది. జర్మనీని చూసి వచ్చిన మనిషి కదా, ఉద్యోగం వదులుకున్నారు. పదేళ్లకు హార్వర్డ్ ఆయనను ప్రొఫెసరుగా పిలిచింది, డిగ్రీ లేకుండానే.

ఒక్క విషయం మాత్రం మాకు మింగుడుపడదు. 1944లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన కొడుకును సంరక్షణాలయంలో ఉంచి, ఆ బిడ్డ చనిపోయాడని మిగతా పిల్లలకు చెప్పారు. రహస్యం వల్ల బాల్యమంతా నలిగిన మనిషి తన ఇంట్లోనూ ఒక రహస్యం దాచారు.

1962లో ఆయన అహ్మదాబాద్ వచ్చారు. 1918లో అక్కడ మిల్లు కార్మికుల సమ్మెను గాంధీజీ నడిపారు. ఆ సమ్మెలో ఎదుటి పక్షాన నిలిచిన మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ అప్పటికింకా ఉన్నారు. ఆయన మన విక్రమ్ సారాభాయ్ తండ్రి. అంబాలాల్ అక్క అనసూయ కార్మికుల పక్షం! ఆ రోజుల్ని ఎరుగున్నవారిని అడిగి తెలుసుకుని ఎరిక్ గాంధీజీ సత్యం గురించి పెద్ద పుస్తకం రాశారు. దానికి 1970లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఇక ఆ పేరు సంగతి. 1939లో అమెరికా పౌరుడైనప్పుడు ఆయన ఇంటిపేరు మార్చుకున్నారు. ఎరిక్‌సన్ అంటే ఎరిక్ కొడుకు. పెంచిన తండ్రి హోంబర్గర్ పేరును పూర్తిగా వదలక మధ్యలో ఒక పొడి అక్షరంగా ఉంచుకున్నారు. 1994 మే 12న 91వ ఏట కన్నుమూసే దాకా కన్నతండ్రి ఎవరో ఆయనకు తెలియనే లేదు.