ఎరవు పుస్తకములతో డాక్టరైన మేఘనాద సాహా

డాక్టరు అన్న మాట వినగానే మన పల్లెలలో స్ఫురించువాడు నాడి చూచి మందిచ్చు వైద్యుడు. ఆ మాటకు వేరొక అర్థము కూడ కలదు. ఒక శాస్త్రమున అంతకు ముందెవ్వరును ఎరుగని విషయమును కనుగొని, దానిని వ్రాసి, పండితుల పరీక్షకు నిలిపి, వారు సమ్మతించిన పిమ్మట విశ్వవిద్యాలయము వలన పొందు పట్టమును కూడ డాక్టరు పట్టమనియే అందురు. తక్కిన పరీక్షలలో పెద్దలు కనుగొన్నదానిని నేర్చి అప్పగించిన చాలును. ఈ పరీక్షలో జవాబునే గాక ప్రశ్నను కూడ విద్యార్థియే వెదకుకొనవలయును. సాధారణముగా ఇట్టి కార్యమునకు దారి చూపు ఆచార్యుడొకడు వెన్నంటి యుండును.

అట్టి ఆచార్యుడు లేకయే, గణితమును భౌతిక శాస్త్రమును కలిసిన కఠిన మార్గమున ఆ పట్టమును సాధించి, నక్షత్రముల గుట్టు విప్పిన భారతీయుడు మేఘనాద సాహా. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆయన చరిత్ర యేల యని ఎవరైన నడుగవచ్చును. ఆయనకు గురుస్థానమున నిలిచినవి చాలవరకు ఇతరుల వద్ద నుండి తెచ్చి చదివిన పుస్తకములే. ఇంతకన్న వేరు కారణ మక్కరలేదు.

సాహా 1893వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన, ఢాకా నగరమునకు సమీపమున నున్న శేవ్‌రాతలి యను పల్లెలో జన్మించెను. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశమున నున్నది. మేఘనాదుడనగా ఉరుమువంటి కంఠధ్వని గలవాడు. రామాయణమున ఇంద్రజిత్తునకు గల పేరది. తండ్రి జగన్నాథ సాహా పచారీ సరుకుల చిల్లర దుకాణము నడుపుకొను పేద వర్తకుడు. తల్లి భువనేశ్వరీ దేవి. ఎనమండుగురు బిడ్డలలో ఇతడైదవవాడు. అన్న మొకటి పెట్టుటయే కష్టమైన ఆ ఇంట, బడి చదువు ముగిసినంతనే కుమారుని దుకాణములో కూర్చుండబెట్టవలెనని తండ్రి తలంచుట తప్పు కాదు. లెక్కలు చక్కగ చేయు బాలుడు దుకాణమునకు మిక్కిలి పనికి వచ్చును గదా!

అయితే పల్లెబడి ఉపాధ్యాయులు ఆ బాలుని బుద్ధిని గుర్తించి తండ్రికి నచ్చజెప్పిరి. పై తరగతుల బడి సిములియా యను గ్రామమున, కొన్ని మైళ్ళ దూరమున నుండెను. దినమును నడచి పోయిరాదగిన దూరము కాదు. అన్న జయనాథుడు తిరిగి తిరిగి, ఆ ఊరి వైద్యుడైన అనంతకుమార దాసు నాశ్రయించెను. ఆయన బాలునకు తన ఇంట అన్నమును వసతియును ఇచ్చుట కంగీకరించెను. బాలుడు తిన్న పళ్ళెరమును తానే కడుగుకొనవలెను. ఇంటి ఆవును చూచుకొనవలెను. నాటి కులభేదములను బట్టి అట్టి నియమములు వింత కాదు. ఆ మేలును మాత్రము సాహా జీవితాంతము మరువలేదు.

ఆ బడిలో చదివి ఢాకా జిల్లాకు ప్రథముడుగ నెగ్గి, నెలకు 4 రూపాయల విద్యార్థివేతనము సంపాదించి, 1905లో ఢాకా కాలేజియేటు పాఠశాలలో చేరెను. అది వంగదేశ విభజన జరిగిన సంవత్సరము. గవర్నరు ఫుల్లరు దొర రాకకు నిరసనగా జరిగిన విద్యార్థుల చర్యలో పాల్గొన్నందున సాహాను పాఠశాల నుండి వెడలగొట్టిరి. విద్యార్థివేతనమును పోయెను. పండ్రెండేండ్ల బాలునకు అది చిన్న దెబ్బ కాదు. కిశోరీలాల్ జూబిలీ పాఠశాల వారు చేర్చుకొనుటచే చదువు నిలిచినది. జనపనార మిల్లులో నెలకు 20 రూపాయల జీతమున కుదిరిన జయనాథుడు అందులో 5 రూపాయలు తమ్మునికి పంపుచు వచ్చెను. వైశ్య సమితి వారు నెలకు 2 రూపాయ లిచ్చిరి. జమాఖర్చులు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఈ అంకెలు కంటబడినప్పుడెల్ల ఒక్కటే తోచును: ఇంత చిన్న జమ మీద ఇంత పెద్ద ఫలము తేలిన ఖాతాను నేను వేరొకటి చూడలేదు.

1909లో ప్రవేశ పరీక్షయందు తూర్పు వంగమున కంతకు ప్రథముడై, ఢాకా కళాశాలలో రెండేండ్లు చదివెను. అచ్చట అధిక పాఠ్యముగ జర్మను భాషను నేర్చెను. దాని ప్రయోజనము ముందు ముందు తెలియగలదు. 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. ప్రఫుల్లచంద్ర రాయి, జగదీశచంద్ర బోసు వంటి మహనీయులచ్చట ఉపాధ్యాయులు. సత్యేంద్రనాథ బోసు సహపాఠి. ఇన్ని భాగ్యముల నడుమ ఒక ముల్లు. వసతిగృహమున కొందరు విద్యార్థులు సాహా కులమును బట్టి తమ పంక్తిని కూర్చుండి భుజించుట కభ్యంతరము చెప్పిరి. సరస్వతీ పూజ నాడు వేదిక నెక్కనీయలేదు. చదువుల తల్లి పూజకు చదువరినే దూరముంచిన ఆ వివేకమునేమనవలెను! ఈ అవమానము ఆయన మనస్సున లోతుగ నాటుకొన్నది. 1913లో బి.యస్.సి. గణిత ఆనర్సులోను, 1915లో అనువర్తిత గణితమున యమ్.యస్.సి. పరీక్షలోను ఆయన ద్వితీయుడు; రెండింటను సత్యేంద్రనాథుడు ప్రథముడు.

పట్టా చేతికి వచ్చినను కుటుంబ భారము తీరలేదు. ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగ పరీక్షకు కూర్చుండ దలంచెను గాని, స్వదేశోద్యమకారులతో పరిచయమున్నదను కారణమున దొరతనము వారు అనుమతింపలేదు. ఉదయ సాయంకాలములు బైసికిలు మీద నగరము ఈ కొస నుండి ఆ కొసకు పోయి పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనెను. ఆ ఉద్యోగమే దొరకియున్నచో దేశమునకు గట్టి ఆయవ్యయాధికారి యొకడు లభించి యుండును. నక్షత్రములు మాత్రము మరికొంతకాలము మౌనముగ నుండెడివి.

అప్పుడు కలకత్తా విశ్వవిద్యాలయమునకు ప్రాణమువంటివారైన సర్ ఆశుతోష ముఖర్జీ గారు, తారకనాథ పాలిత్, రాసవిహారీ ఘోషు అను దాతల ధనముతో విజ్ఞాన కళాశాలను నెలకొల్పియుండిరి. 1916లో సాహాను, సత్యేంద్రనాథుని అచ్చట గణిత శాఖలో ఉపన్యాసకులుగ నియమించిరి. అచటి ప్రధానాచార్యునితో పొసగమిచే ఇద్దరును భౌతిక శాఖకు మారిరి. చిక్కిచ్చట నున్నది. వీరు యమ్.యస్.సి.లో చదివినది గణితము. బోధింపవలసినది భౌతిక శాస్త్రము. ఇరువది మూడేండ్ల ఉపన్యాసకుడు రాత్రి తాను నేర్చి పగలు విద్యార్థులకు చెప్పవలసి వచ్చెను. ఐరోపాలో మహాయుద్ధము జరుగుచుండెను. క్రొత్త గ్రంథములు రాకుండెను. శివపూరు ఇంజనీరింగు కళాశాలలో పనిచేయు బ్రూల్ అను జర్మను పండితుని వద్ద మంచి గ్రంథములున్నవని విని, మిత్రులిద్దరును వాని నెరవు తెచ్చి చదివిరి. ప్లాంకు, నెర్‌న్‌స్టు మొదలగువారి శాస్త్రము ఈ విధమున జర్మను భాషయందే వారికి పరిచయమయ్యెను. ఆగ్నెస్ క్లెర్క్ అను విదుషీమణి సూర్యుని గూర్చి, నక్షత్రముల గూర్చి సామాన్యులకొరకు వ్రాసిన పుస్తకములు సాహా మనస్సును ఆకసము వైపు త్రిప్పెను.

పరిశోధనకు కావలసిన ప్రశ్న ఆయనకు ఇట్లు పుస్తకములలోనే దొరకినది. మంచి పరికరములు లేవు. దారి చూపువారు లేరు. కాగితము, కలము, గణితము, ఇవియే సాధనములు. వెలుతురునకు కూడ త్రోపుడు శక్తి కలదు. ఆ వెలుతురు పీడనమును గూర్చియు, విద్యుదయస్కాంత సిద్ధాంతమును గూర్చియు 1917 నుండి వరుసగ వ్యాసములు వ్రాసెను. సూర్యుని వెలుతురు కొన్ని పరమాణువులను మాత్రమే ఎంచుకొని పైకి నెట్టునని చూపుచు ఒక పెద్ద వ్యాసమును అమెరికాలోని ఖగోళ భౌతిక పత్రికకు పంపెను. అచ్చు ఖర్చులో కొంత భాగమును రచయిత భరింపవలెనని వారు వ్రాసిరి. ఆ సొమ్మాయన వద్ద లేదు. ఆ వ్యాసము అచ్చట పూర్తిగ వెలువడలేదు. 1919లో ఒక చిన్న లేఖ మాత్రమే అచ్చయ్యెను. సత్యము కనుగొన్నవానికి దానిని లోకమునకు తెలుపుటకు డబ్బు లేకుండుట కన్న బాధ వేరొకటి కలదా?

ఆయన చేయి ముడుచుకొని కూర్చుండలేదు. 1918లో తన పరిశోధనలను సిద్ధాంత వ్యాసముగ కూర్చి విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. రిచర్డ్‌సన్ మొదలగు ఆంగ్ల పండితులు దానిని పరీక్షించి మెచ్చిరి. డి.యస్.సి. పట్టము లభించినది. ఆ 1918లోనే రాధారాణీ దేవితో వివాహమయ్యెను. 1919లో నక్షత్ర కాంతుల వర్గీకరణమును గూర్చిన వ్యాసమునకు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ బహుమానమును పొందెను. ఎరవు తెచ్చి చదివిన విద్యను తనలోనే దాచుకొనలేదు. సత్యేంద్రనాథునితో కలిసి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంత వ్యాసములను జర్మను నుండి ఇంగ్లీషునకు అనువదించెను. విశ్వవిద్యాలయము వారు దానిని 1920లో ప్రకటించిరి.

ఇక ఆయన కీర్తికి మూలమైన విషయమును చెప్పెదను. సూర్యకాంతిని గాజు పట్టకము గుండ పంపినచో రంగుల పట్టీ యేర్పడును. అందు సన్నని నల్లగీతలు కనబడును. ఏ మూలపదార్థపు గీతలు ఆ పదార్థమునకే చెందును. దస్తావేజు మీది వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్లు, గీతలను బట్టి సూర్యునిలో ఏ పదార్థమున్నదో గుర్తింపవచ్చును. అయితే వేడిమి హెచ్చినప్పుడు పరమాణువు తనలోని ఎలక్ట్రాను నొకదానిని పోగొట్టుకొనును. అప్పుడు దాని ముద్రయే మారిపోవును. సున్నములో నుండు కాల్షియమను లోహము సూర్యుని పైపొరలలో, మిక్కిలి ఎత్తున, ఈ మారిన ముద్రతో కనబడుచుండెను. అంత ఎత్తున వేడిమి హెచ్చునని నాటి పండితులు తలంపలేదు. మరి ఎలక్ట్రాను ఎట్లు విడిపోయెను?

వేడిమితో పాటు పీడనమును కూడ లెక్కింపవలెనని సాహా గ్రహించెను. కట్టు తెంచుకొన్న దూడ జనసమ్మర్దము గల వీథిలో పడినచో ఎవరో యొకరు వెంటనే పట్టి కట్టివేయుదురు. ఎవ్వరును లేని బయలున పడినచో అది యథేచ్ఛగ తిరుగును. అట్లే దట్టమైన వాయువులో విడివడిన ఎలక్ట్రాను వెంటనే వేరొక పరమాణువునకు చిక్కును. పలుచని వాయువులో చిక్కక తిరుగును. కావున పీడనము తక్కువైన చోట వేడిమి మిక్కుటము గాకున్నను మారిన ముద్ర కనబడును. ఎగ్గర్టు అను జర్మను శాస్త్రజ్ఞుడు 1919లో ఇట్టి విషయమునే వ్రాసెను గాని, ఎలక్ట్రానును విడదీయుటకు వలయు శక్తిని ప్రయోగముల ద్వారా తెలిసిన విలువలతో లెక్కింపలేదు. ఆ లోటును సాహా పూరించి సమీకరణము నేర్పరచెను. 1920లో ఆ వ్యాసమును కలకత్తా నుండియే ఇంగ్లండు పత్రికకు పంపెను. ఢాకాలో నేర్చిన జర్మను భాష లేనిచో ఎగ్గర్టు వ్యాసము ఆయన చేతికి వచ్చియు రానట్లే యగును.

తన సిద్ధాంతమును బట్టి ఆయన ఒక జోస్యము కూడ చెప్పెను. సూర్యునిలో కనబడని రుబీడియము, చల్లనివైన సూర్యుని మచ్చలలో కనబడవలెననెను. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు రస్సెలు వెదకి చూడగా అట్లే కనబడినది. పిమ్మట లండనులో ఫౌలరు ప్రయోగశాలలో పనిచేయుచు, నక్షత్రముల తరగతుల భేదము ప్రధానముగ వేడిమి భేదమే యని 1921లో నిరూపించెను. 1925లో సిసిలియా పేన్ అను యువతి అమెరికాలో సాహా సమీకరణమునే ఆధారముగ గొని, నక్షత్రములలో అత్యధిక భాగము ఉదజని వాయువేయని తన డాక్టరు సిద్ధాంత వ్యాసమున తేల్చెను. ఒకని తపస్సు మరియొకరి తపస్సునకు పునాదియగుట పరిశోధన యొక్క ధర్మము.

తరువాతి జీవితమును సంగ్రహముగ చెప్పెదను. బెర్లినులో కొంతకాలముండి 1921లో తిరిగివచ్చి కలకత్తాలో ఆచార్యుడయ్యెను. 1923 నుండి 1938 వరకు అలహాబాదు విశ్వవిద్యాలయమున శిష్యులను తీర్చిదిద్దెను. 1927లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. పుస్తకముల కొరకు తాను పడిన పాట్లెరిగినవాడు గావున, విద్యార్థులకై ఉష్ణశాస్త్రమున పెద్ద గ్రంథమును శ్రీవాత్సవ గారితో కలిసి వ్రాసెను. కలకత్తాకు మరలి వచ్చి అణుకేంద్ర భౌతిక శాస్త్ర సంస్థను స్థాపించెను. వరదల బాధ నెరిగిన పల్లెవాడగుటచే దామోదర నది నియంత్రణమునకు పాటుపడెను. 1952లో స్వతంత్రుడుగ లోకసభ కెన్నికయ్యెను.

మన పంచాంగముతో కూడ ఆయనకు సంబంధము కలదు. సూర్యుడు ఉత్తరదిశకు మరలునది డిసెంబరు 22వ తేదీ ప్రాంతమున. మనము మకర సంక్రాంతి జరుపుకొనునది జనవరి నడుమ. ఇట్టి వ్యత్యాసములను, దేశమందలి వివిధ పంచాంగములను పరిశీలించుటకు 1952లో ఏర్పడిన సంఘమునకు సాహా అధ్యక్షుడు. 1955లో నివేదిక వెలువడెను. దాని ననుసరించి 1957 మార్చి 22వ తేదీన, శక సంవత్సరము 1879 చైత్రము 1గా, జాతీయ పంచాంగ మమలులోనికి వచ్చెను. దానిని చూచుట కాయన లేడు. 1956 ఫిబ్రవరి 16వ తేదీన ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయమునకు నడచి పోవుచు, త్రోవలోనే గుండె ఆగి మరణించెను. అప్పటికి వయస్సు 62 సంవత్సరములు.

ఎరవు సొమ్ము బరువు చేటని మన పెద్దల సామెత. అది నగలకు చెల్లును గాని పుస్తకములకు చెల్లదని సాహా జీవితము చాటుచున్నది. వైద్యుడు పెట్టిన అన్నము, అన్న పంపిన 5 రూపాయలు, సమితి ఇచ్చిన 2 రూపాయలు, బ్రూల్ ఎరవిచ్చిన పుస్తకములు, వీనిలో ఏ ఒక్కటి లేకున్నను ఆ చదువు నడుమ తెగిపోయి యుండును. ఇచ్చినవారిలో ఎవ్వరును నక్షత్రముల గుట్టు తెలియగలదని తలంచి ఇచ్చినవారు కారు. మన గ్రంథాలయమునకు చందా నిచ్చు సోదరులారా, మీ చందాతో కొన్న పుస్తకము ఏ ఇంటి బిడ్డ చేతికి చేరునో మనకు తెలియదు. కావున ఎవరింటి బిడ్డ వచ్చి అడిగినను, ఆ బిడ్డ కులమును గాని, కట్టిన బట్టను గాని చూడక, అడిగిన పుస్తక మిచ్చి పంపుదము. ఆ పుస్తకము మన బీరువాలో లేనిచో, ఇంకొక చోటినుండి ఎరవు తెచ్చియైనను ఇత్తము.