జాన్ యునైటస్ జీవితము

మన పాఠశాల మైదానమున సాయంకాలము బాలురు కాళ్లతో తన్ని ఆడు ఆటను మనము ఫుట్‌బాలనుచున్నాము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరుతోనే వేరొక ఆట కలదు. అందు బంతి గుండ్రముగా నుండక రెండు కొనలు తేరియుండును. దానిని చేతులతో పట్టుకొని పరుగెత్తుదురు, లేక విసరుదురు. ఒక్కొక్క పక్షమున 11 మంది నిలుతురు. బంతి గల పక్షమునకు నాలుగు ప్రయత్నములు మాత్రమే యుండును. వానిలో 10 గజములు ముందునకు పోలేనియెడల బంతి ఎదిరిపక్షమునకు పోవును. ప్రతి ప్రయత్నమునందును బంతిని మొదట చేత బట్టువానికి క్వార్టర్‌బ్యాకని పేరు. దానిని ప్రక్కవానికి అందించుటయా, దూరమున పరుగెత్తువానికి విసరుటయా యని అతడు రెండు మూడు క్షణములలో తేల్చుకొనవలెను. ఆ లోపలనే ఎదిరిపక్షపు బలాఢ్యులు అతనిని నేల గూల్చుటకు మీదికి వచ్చుచుందురు. ఈ స్థానమున 18 సంవత్సరములు నిలిచిన జాన్ యునైటస్ చరిత్రము ఇచ్చట వ్రాయుచున్నాను. ఆటలాడి జీతము పుచ్చుకొనుట కూడ ఒక పనియా యని పెద్దలు కొందరు అడుగవచ్చును. ఇతని కుడిచేతి కథ విన్న పిమ్మట వారే చెప్పుదురు గాక.

ఇతడు 1933వ సంవత్సరము మే నెల 7వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి పిట్స్‌బర్గు నగరమున జన్మించెను. ఇతని పూర్వులు లిథువేనియా దేశమునుండి వచ్చినవారు. తండ్రి ఇండ్లకు బొగ్గు చేరవేయు చిన్న వ్యాపారము చేయుచుండెను. జాన్‌కు ఐదేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. తల్లి హెలెన్ నలుగురు బిడ్డలతో మిగిలినది. ఆమె ఆ వ్యాపారమును మూసివేయలేదు. దానిని నడపుచునే వేరు కూలిపనులకును పోయినది. పద్దుల లెక్కలు కూడ నేర్చుకొన్నది. బాలుడైన జాన్ ఇరుగుపొరుగువారి యిండ్లయెదుట పోసిన బొగ్గును పారతో లోనికెత్తి సంపాదించిన నాణెములు తల్లికి తోడయ్యెను. మన సంఘములలోను ఇట్టి తల్లులు లేకపోలేదు; వారి బిడ్డలు మా తరగతులలో కూర్చుండుచున్నారు.

పాఠశాలయందుండగనే ఇతడు బంతి విసరుటలో పేరుపొందెను. కాని దేహము సన్నము. నాటర్ డేమ్ విశ్వవిద్యాలయమువారు ఇతనిని పరీక్షించి, ఈ ఆటకు బరువు చాలదని పంపివేసిరి. సొంత ఊరి విశ్వవిద్యాలయమున చేరబోగా ప్రవేశపరీక్షలో తప్పిపోయెను. తుదకు కెంటకీ రాష్ట్రమందలి లూయివిల్ విశ్వవిద్యాలయమువారు చేర్చుకొనిరి. మార్కుల పట్టికలు వ్రాయు మాబోటివారు ఇట్టి సంగతులను కొంచెము సిగ్గుతోనే చదువవలసియున్నది.

1955లో పిట్స్‌బర్గు స్టీలర్స్ అను వృత్తి జట్టువారు ఇతనిని 9వ విడతలో ఎన్నుకొనిరి. పుట్టిన ఊరి జట్టే పిలిచినందున ఇతని సంతోషమునకు మేరలేదు. కాని ఆ జట్టువారు అభ్యాసపు పోటీలలోనైనను ఇతనికొక్క క్షణము ఆట చూపు నవకాశమీయక, ఋతువు మొదలు కాకమునుపే తొలగించిరి. అప్పటికే ఇతడు వివాహితుడు. ప్రయాణమునకిచ్చిన డబ్బు మిగుల్చుకొనుటకై దారిన పోవు బండ్లవారిని బతిమాలుకొని ఇల్లు చేరెను. పిమ్మట కట్టడపు పనిలో, పునాదులకై నేలలోనికి స్తంభములు దిగగొట్టు కూలీలలో చేరెను. పగలు ఆ పని. సాయంకాలములందు బ్లూమ్‌ఫీల్డ్ ర్యామ్స్ అను పేటజట్టులో ఆట. ఆటకు 6 డాలర్లు కూలి. ఆ మైదానమున పచ్చిక యుండెడిది కాదు. పదిమంది నవ్విన ఆ ఆటను అతడు విడువకుండుటయే తరువాతి కథకంతకును మూలమైనది.

1956లో బాల్టిమోర్ నగరపు కోల్ట్స్ జట్టు కార్యదర్శి టెలిఫోనులో పిలిచి, వచ్చి కనబడుమనెను. శిక్షకుడు వీబ్ ఈబ్యాంక్ ఇతనిని రెండవ క్వార్టర్‌బ్యాకుగా నుంచుకొనెను. ఆ శరదృతువున షికాగో బేర్స్‌తో జరిగిన పోటీలో మొదటి క్వార్టర్‌బ్యాకు జార్జి షా కాలు విరిగెను. యునైటస్ మైదానమునకు వచ్చెను. అతడు విసరిన మొదటి బంతిని శత్రుపక్షమువాడు నడుమ పట్టుకొని పరుగెత్తి గెలుపుగీత దాటెను. మరుప్రయత్నమున తోడివానికి అందింపబోయిన బంతి నేలబడి ఎదిరివారి పాలయ్యెను. కోల్ట్స్ 58–27 తేడాతో ఓడిరి. అట్టి దినము గడచిన మరునాడు అభ్యాసమునకు రావలెనన్న ఎంత గుండె కావలెనో పరీక్షలో తప్పిన విద్యార్థికి తెలియును. అతడు వచ్చెను. ఋతువు ముగియులోపల ఆ స్థానమతనిదే యయ్యెను.

జట్టులో రేమండ్ బెర్రీ యను నొకడుండెను. అతని కంటిచూపు మందము, పరుగు వేగము సామాన్యము. 20వ విడతలో ఎన్నుకొనబడినవాడు. అభ్యాసము ముగిసి తక్కినవారు ఇండ్లకు పోగా వీరిద్దరు మైదానమున నిలిచి, ఒకడు విసరుచు నొకడు పట్టుచు చాలసేపు శ్రమించెడివారు. ఎన్ని అడుగులు పోయిన పిమ్మట బెర్రీ ఏ వైపు తిరుగునో యునైటస్‌కు కంఠపాఠమయ్యెను. అతడు తిరుగకమునుపే బంతి చేయి విడిచెడిది.

దాని ఫలము 1958 డిసెంబరు 28వ తేదీన న్యూయార్కు నగరమందలి యాంకీ స్టేడియమున కనబడెను. ఆ సంవత్సరముననే యునైటస్ ప్రక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తికి గాయమై, కొన్ని ఆటలు మానవలసివచ్చెను. లీగు ఛాంపియన్‌షిప్ పోటీనాటికి కోలుకొనియుండెను. ఎదిరిపక్షము న్యూయార్కు జైంట్స్. రెండు నిమిషములకన్న తక్కువ కాలము మిగిలియుండగా జైంట్స్ 17–14 ముందుండిరి; బంతి కోల్ట్స్ గెలుపుగీతకు 14 గజముల దూరమున, అనగా మైదానపు తప్పుకొననుండెను. యునైటస్ వరుసగా మూడుమారులు బెర్రీకే విసరెను. మూడును బెర్రీ పట్టెను. 62 గజములు గడచెను. ఏడు సెకండ్లు మిగిలియుండగా స్టీవ్ మైరా బంతిని గుంజల నడుమనుండి తన్ని లెక్క సమము చేసెను.

సమమైనచో అదనపు కాలమాడుట ఛాంపియన్‌షిప్ పోటీలలో అదియే మొదటిసారి. తరువాత నేమి జరుగునో ఆటగాండ్రలోనే పలువురు ఎరుగరు. మొదట ఎవరు లెక్క పెంచిన వారిదే గెలుపు. జైంట్స్ చేతికి ముందు బంతి వచ్చియు సాగలేదు. యునైటస్ 13 ప్రయత్నములలో 80 గజములు జట్టును నడపించెను. నేడు శిక్షకులు శిరస్త్రాణములోని రేడియోద్వారా ఏమి చేయవలెనో చెప్పుచున్నారు. ఆ దినములలో దానిని ఎంచువాడు క్వార్టర్‌బ్యాకే. గెలుపుగీత చేరువయైనప్పుడు బంతిని తన్నినను జయమే. విసరినచో ఎదిరివారు దొంగిలింతురేమోయని అందరికిని భయము. అతడు విసరెను. జిమ్ మచెల్లర్ గీతకొక గజము దూరమున దానిని పట్టెను. పిదప ఆలన్ అమీచీ బంతిని కౌగిలించుకొని గీతమీదుగా దూరెను. 23–17. కోట్లమంది టెలివిజన్‌లో దానిని చూచిరి. అమెరికాలో ఈ ఆటకు కలిగిన ప్రఖ్యాతి ఆ సాయంకాలమునుండియే పెరిగినదని చెప్పుదురు. మరుసటి సంవత్సరమును వారే గెలిచిరి.

1956 మొదలు 1960 వరకు ఇతడు వరుసగా 47 ఆటలలో, ఆటకొకటికి తక్కువ కాకుండ, టచ్‌డౌన్ బంతి విసరెను. ఈ లెక్కను 2012లో డ్రూ బ్రీస్ దాటువరకు ఎవరును దాటలేదు. మొత్తము 40,239 గజములు, 290 టచ్‌డౌన్‌లు. శత్రువులు పట్టుకొన్నవి 253. ఈ కడపటి సంఖ్యను విడిచి వ్రాయువారు గలరు. నాకది న్యాయముగా తోచదు.

1968లో ఋతువునకు ముందు జరిగిన ఒక ఆటలో ఇతని కుడి మోచేయి దెబ్బతినెను. ఆ సంవత్సరమంతయు ఎర్ల్ మోరల్ ఆడెను. 1969 జనవరిలో సూపర్ బౌల్ పోటీలో జట్టు ఓడిపోవుచుండగా యునైటస్‌ను పిలిచిరి. ఒక టచ్‌డౌన్ సాధించెను గాని కాలము చాలలేదు. 1971 జనవరిలో జట్టు సూపర్ బౌల్ గెలిచినపుడు అతడు జాన్ మ్యాకీకి 75 గజముల టచ్‌డౌన్ విసరి, గాయపడి మధ్యలోనే విరమించెను. 1973లో అతనిని శాన్ డియేగోకు పంపివేసిరి. 1974లో ఆట మానెను. 1979లో ఆ క్రీడయొక్క ప్రసిద్ధ పురుషుల శాలలో అతని పేరు చేర్చిరి. వ్యాపారములు కలిసిరాక 1991లో దివాలా ప్రకటించెను.

చేయి మాత్రము అతనిని విడువలేదు. పాతగాయము ముదిరి, అరువది యేండ్ల ప్రాయమునకు కుడిచేతి వ్రేళ్లు పట్టు తప్పెను. ఆ చేతితో భోజనము చేయుటయే కష్టమయ్యెను. గోల్ఫ్ ఆడదలచినపుడు కర్రను చేతికి పట్టీతో కట్టుకొనెడివాడు. అంగవైకల్యపు భృతి ఇమ్మని లీగువారిని కోరెను. 55 ఏండ్లలోపల అడుగలేదనియు, అతడు పూర్తిగా వికలాంగుడు కాడనియు చెప్పి వారు నిరాకరించిరి. చేయి చెడినదే 60 ఏండ్లకు. 55 ఏండ్లలోపల ఎట్లు అడుగగలడు? ఈ ప్రశ్నకు జవాబు నేనెక్కడను చూడలేదు.

1984లో ఒక రాత్రి కోల్ట్స్ యజమాని జట్టు సామానును లారీలకెత్తించి ఇండియానాపోలిస్ నగరమునకు తరలించెను. యునైటస్ ఆ కొత్త ఊరి జట్టుతో సంబంధము పెట్టుకొనలేదు. బాల్టిమోర్‌కు 1996లో రేవెన్స్ అను వేరు జట్టు వచ్చినపుడు దాని ఆటలకు పోయి మైదానపుటంచున నిలుచుండెడివాడు. 2002 సెప్టెంబరు 11వ తేదీన, బాల్టిమోర్ చేరువనున్న టిమోనియమ్‌లో వ్యాయామము చేయుచుండగా గుండె ఆగి తన 69వ యేట మరణించెను. కతోలికుడగుటచే బాల్టిమోర్‌లోని మేరీ రాణి కథీడ్రలున భూస్థాపన ప్రార్థనలు జరిగెను.

ఆ సంవత్సరముననే నగరపు స్టేడియము ముంగిట అతని లోహవిగ్రహము నిలిపిరి. అందు అతడు పొడుగు బూట్లు తొడిగి, బంతి విసరుటకై కుడిచేయి వెనుకకెత్తి నిలిచియున్నాడు. వ్రేళ్లు బంతిని గట్టిగా పట్టుకొనియున్నవి.